కాల్షియం మాత్రలు మానేయాలా?

మతిమరుపు జబ్బులో మెదడు కణాల్లో కాల్షియం ఎక్కువైపోతుందని ఫోన్‌లో వీడియో చూసి, తిరుపతిలో మా వీధి పెద్దమ్మ ఒకామె ఎముకలకని డాక్టర్ రాసిచ్చిన మాత్రలు పక్కన పడేసింది. "బుర్ర పాడైపోతాదంట నాయనా" అంటుంది. డాక్టర్ని అడక్కుండా మానకూడదు, ఎందుకంటే ఆ గొడవ మనం మింగే మాత్రతో మొదలయ్యేది కాదు. రక్తంలో కాల్షియాన్ని మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే ఉంచుతాయి.

అసలు కథ నాడీకణం గోడ దగ్గర. బయటున్న కాల్షియంలో దాదాపు 10,000వ వంతే లోపల ఉంటుంది, అందుకే కాస్త లోపలికొచ్చినా కణానికి అది గట్టి కబురే. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గేటు తీసి, కొంతమందిని వదిలి, మళ్లీ మూసేస్తారు చూడండి, కాల్షియం ఛానళ్ల పనీ అదే, కాకపోతే మిల్లీసెకన్లలో. ఆ వెంటనే పంపులు శక్తి ఖర్చుపెట్టి, వచ్చినదాన్ని బయటికో కణంలోని నిల్వగదిలోకో తోసేస్తాయి.

మరి ఈ లెక్క తప్పేదెక్కడ? మెదడుకు సొంత కాపలా కణాలున్నాయి, మైక్రోగ్లియా. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో-ఒర్తేగా వీటికి ఆ పేరు పెట్టాడు. దెబ్బ తగిలినా క్రిమి దూరినా రెచ్చిపోతాయి, పనయ్యాక చల్లబడతాయి. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇదే, మంచిదే. ఏళ్ల తరబడి చల్లబడకపోతేనే చిక్కు. అవి వదిలే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా లాంటి రసాయనాల వల్ల ఎన్ఎండీఏ అనే రకం కాల్షియం గేట్లలోంచి కాల్షియం మరింత చొరబడుతుంది, పక్కనుండే ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు, నాడీకణాలు కబురుకు వాడే గ్లూటమేట్ అనే రసాయనాన్ని సరిగా ఊడ్చెయ్యలేవు కాబట్టి అది ఆ గేట్లను తడుతూనే ఉంటుంది, ఆక్సీకరణ దెబ్బకు నిల్వగది కూడా కారడం మొదలెడుతుంది. శక్తినిచ్చే మైటోకాండ్రియా ఈ మిగులును మింగి మింగి డీలాపడతాయి, దాంతో పంపులు మందగిస్తాయి, కాల్షియం ఇంకా పెరుగుతుంది. నాకు అన్నిట్లోకీ భయమనిపించేది ఇదే. చివరికి కాల్పెయిన్ అనే ఎంజైము మేల్కొని కణం సొంత ప్రొటీన్లనే కోస్తుంది. కణం చావడానికి చాలా ముందే సైనాప్సులు, అంటే నాడీకణాలు ఒకదానికొకటి కబురందించుకునే చోట్లు, సడలిపోతాయి.

అల్జీమర్స్‌కి వాడే మెమాంటిన్ అనే మందు ఆ ఎన్ఎండీఏ గేటు దగ్గరే పనిచేస్తుంది. కొద్దిగా ఉపశమనం ఇస్తుంది, జబ్బును మాత్రం ఆపదు. మరి ఇన్‌ఫ్లమేషనే కారణమైతే నొప్పి మాత్ర వేసుకుంటే పోలా? నాప్రోక్సెన్‌తో పెద్ద ట్రయలే చేశారు, అల్జీమర్స్‌ను అడ్డుకోలేకపోయింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగితే కడుపూ కిడ్నీలూ పాడవడం ఒక్కటే మిగులుతుంది.