తూకం కదలలేదని నడక మానేయకండి: ఊబకాయం, వ్యాయామం చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

"మూడు నెలలు రోజూ నడిచాను. కిలో కూడా తగ్గలేదు. ఇక మానేశాను." ఫిజియోథెరపిస్టుగా నేను తరచూ వినే మాట ఇది. విన్న ప్రతిసారీ మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ మూడు నెలల్లో వాళ్ల ఒంట్లో ఎంత మేలు జరిగిందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అపోహ: బరువు తగ్గకపోతే వ్యాయామం పనిచేయనట్టే.

వాస్తవం: వ్యాయామం ప్రభావం ముందు కనిపించేది కండరాల్లో. తూకంలో కనిపించడం ఆ తర్వాత సంగతి. రక్తంలోని గ్లూకోజు కండరంలోకి వెళ్లాలంటే మామూలుగా ఇన్సులిన్ కావాలి. పొట్ట లోపల, కాలేయంలో, కండరాల్లో కొవ్వు పేరుకున్నప్పుడు ఇన్సులిన్ ఎంత ఉన్నా కణాలు సరిగ్గా స్పందించవు. దీన్నే ఇన్సులిన్ రెసిస్టెన్స్ అంటాం. కానీ కండరానికి ఇంకో దారి కూడా ఉంది. అది పనిచేస్తున్నంతసేపు, గ్లూట్-4 అనే ప్రొటీన్లు ఇన్సులిన్ సాయం లేకుండానే కణం పైపొరకు చేరి గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి. పైగా వ్యాయామం ఆపిన తర్వాత కూడా, ఇంచుమించు ఒకటి రెండు రోజుల పాటు కండరం ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానొద్దని చెప్పేది అందుకే.

తూకం అలాగే ఉన్నా పేగుల చుట్టూ, కాలేయంలో ఉన్న కొవ్వు తగ్గవచ్చు. బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) కాస్త దిగివస్తాయి. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లను తూకం ఒక్కటే చూసుకోవద్దంటాను. నెలకోసారి టేపుతో నడుము చుట్టుకొలత తీసి రాసుకోమంటాను.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తుకొచ్చేది చైనాలోని డాచింగ్‌లో 1986లో మొదలైన అధ్యయనం. షుగర్ వచ్చే దశకు దగ్గరగా ఉన్న 577 మందిని అందులో చేర్చుకున్నారు. కొందరు ఆహారం మాత్రమే మార్చుకున్నారు, కొందరు వ్యాయామం మాత్రమే చేశారు, ఇంకొందరు రెండూ పాటించారు. ఆరేళ్ల తర్వాత, ఏమీ మార్చుకోని వాళ్లతో పోల్చి చూస్తే, షుగర్ వచ్చే ముప్పు ఆహారం మార్చుకున్నవాళ్లలో 31 శాతం, వ్యాయామం చేసినవాళ్లలో 46 శాతం, రెండూ చేసినవాళ్లలో 42 శాతం తగ్గింది. సన్నగా ఉన్నవాళ్లలోనూ, అధిక బరువు ఉన్నవాళ్లలోనూ ఈ తగ్గుదల దాదాపు ఒకేలా ఉంది.

అలాగని వ్యాయామంతోనే బరువంతా కరిగిపోతుందని నేను చెప్పను. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. గంట నడిస్తే ఖర్చయ్యేది ఏ మూడు నాలుగు వందలో. బరువు తగ్గించడంలో పెద్ద భాగం ఆహారానిదే. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా చూడటంలో మాత్రం వ్యాయామం బాగా సాయపడుతుంది.

అపోహ: పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్ట కరుగుతుంది.

వాస్తవం: కరగదు, పొట్ట కండరాలు గట్టిపడతాయంతే. కొవ్వు ఎక్కడ ముందు తగ్గాలో ఒళ్లే నిర్ణయించుకుంటుంది. చెమట సంగతీ ఇంతే. చెమటతో పోయేది నీరు, అది తాగగానే తిరిగి వస్తుంది.

అపోహ: ఇంత బరువుతో నడిస్తే మోకాళ్లు అరిగిపోతాయి.

వాస్తవం: ఈ భయాన్ని నేను తీసిపారేయను, ఎందుకంటే నొప్పి నిజం. కానీ కదలకుండా కూర్చుంటే తొడ ముందు కండరం బలహీనపడుతుంది. అప్పుడు మోకాలికి ఆసరా ఇంకా తగ్గుతుంది. మోకాళ్ల ఆర్థరైటిస్‌కు వైద్యులు చెప్పే చికిత్సల్లో వ్యాయామం ముందు వరసలో ఉంటుంది. నేనైతే కుర్చీతో మొదలుపెట్టిస్తాను. చేతుల ఊతం లేకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవాలి. మొదటి వారం ఐదుసార్లు చాలు. కష్టమైతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుతాను. నడక బాధపెడితే నీళ్లలో నడవడం, కదలని సైకిల్ తొక్కడం లాంటి దారులున్నాయి. తగ్గిన ఒక్కో కిలోకు, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది.

అపోహ: రోజుకు పదివేల అడుగులు వేయలేకపోతే లాభం లేదు.

వాస్తవం: పదివేలు అనే అంకె 1960లలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్క పరికరం పేరుతో ప్రచారంలోకి వచ్చింది, పరిశోధనలో తేలిన హద్దు కాదు. అంతకంటే చాలా తక్కువ అడుగుల దగ్గరే మేలు మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ. అంటే మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం. ఒకేసారి కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత నియమాన్ని కూడా తీసేశారు. భోజనం తర్వాత కాసేపు నడిచినా, అరగంటకోసారి కుర్చీలోంచి లేచి రెండు మూడు నిమిషాలు తిరిగినా, తిన్నాక పెరిగే షుగర్ తగ్గుతుంది.

అపోహ: బరువులు ఎత్తడం కుర్రాళ్ల పని, లావుగా ఉన్నవాళ్లకు నడక చాలు.

వాస్తవం: ఆహారం తగ్గించి గానీ, మందులతో గానీ బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోతుంది. గ్లూకోజును వాడుకునేది ఆ కండే కదా! అందుకే వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలి. రబ్బరు బ్యాండు, గోడకు చేతులు ఆనించి చేసే పుషప్ చాలు, జిమ్ అక్కర్లేదు.

మొదలుపెట్టే ముందు కొన్ని జాగ్రత్తలు. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం ఉంటే ముందు డాక్టరును కలవండి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లలో వ్యాయామం వల్ల షుగర్ బాగా పడిపోవచ్చు. మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడండి, జేబులో గ్లూకోజు ఉంచుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వట్టికాళ్లతో నడవకూడదు. నడిచి వచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు మంచి వెలుతురులో చూసుకోవాలి. కనబడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి.