నవంబరులో ఖాళీ పూల్

స్విమ్మింగ్ పూల్ కట్టించే వాళ్లు ముందుగా భయపడేది నీళ్ల బరువుకే. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల లోతున్న పూల్‌లో 48 వేల లీటర్లు పడతాయి. అంటే 48 టన్నులు. ఇంత బరువుకి నేల కుంగిపోదా? కానీ తవ్వి తీసిన మట్టి అంతకన్నా బరువు. ఘనమీటరు నీళ్లు ఒక టన్నయితే, అంతే మట్టి సాధారణంగా టన్నున్నర దాటుతుంది. నిన్నటిదాకా ఆ మట్టిని మోసిన నేలకి ఈ నీళ్లు లెక్క కాదు.

టెన్షన్ పడాల్సింది నీళ్లు తోడేసిన రోజున. నెల్లూరు, ఒంగోలు తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. మైపాడు, కొత్తపట్నం వైపు ఇసుక నేలల్లో అప్పుడు కొద్దిగా తవ్వినా ఊట కనిపిస్తుంది. పూల్ అడుగు కన్నా ఆ ఊట ఒక మీటరు పైకొస్తే, ప్రతి చదరపు మీటరునూ టన్ను బలంతో పైకి నెడుతుంది. 20 సెంటీమీటర్ల మందం కాంక్రీటు బరువు చదరపు మీటరుకు అర టన్నే. గోడల బరువు కొంత ఆపుతుంది. ఊట ఇంకా పెరిగితే అదీ చాలదు. అడుగు ఉబ్బి పగులుతుంది, లేదా తొట్టి మొత్తం పడవలా లేస్తుంది. ఆర్కిమెడీస్ చెప్పిన సూత్రమే ఇది.

ఊటతో నిండే కోనేటికి ఈ బాధ లేదు. రాళ్ల సందుల్లోంచి నీరు లోపలికి వచ్చేస్తుంది కాబట్టి లోపలా బయటా మట్టం ఒకటే, ఇక నెట్టేదేముంది? నాకు ఎంతో ఇష్టమైన ఇంజనీరింగ్ అది. పూల్ అడుగున కంకర పరిచి, లోపలికి మాత్రమే తెరుచుకునే వాల్వు పెట్టడం వెనక ఉన్నదీ అదే ఆలోచన. ఊట ఒత్తిడి పెరిగితే వాల్వు తెరుచుకుని, నీరు పూల్‌లోకే వస్తుంది.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిది వేరే కథ. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పూల్ ఒక మూల కారినా అక్కడి మట్టి మాత్రమే ఉబ్బి, అడుగును వంకర చేస్తుంది. అందుకే వీలైనంత రేగడి తీసేసి, గ్రావెల్‌ను పొరలుగా పోసి, తడిపి, రోలర్‌తో తొక్కించాలి. ఒకేసారి లారీల కొద్దీ కుమ్మరిస్తే అడుగు పొర గట్టిపడదు.

ఆపైన పీసీసీ (కడ్డీల్లేని కాంక్రీటు పొర), కడ్డీలను ఎత్తి పట్టే కవర్ బ్లాకులు, కనీసం వారం రోజుల క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం). ఇవి మేస్త్రీలకు తెలిసినవే. తీరంలో మాత్రం ఉప్పు గాలికి కడ్డీ త్వరగా తుప్పు పడుతుంది, కవర్ (కడ్డీని కప్పే కాంక్రీటు మందం) తగ్గనివ్వకండి.

తవ్వకం మొదలుపెట్టే ముందు పక్క చేను రైతును ఒక్క మాట అడగండి: కార్తీకంలో మీ బావిలో నీళ్లు ఎంత పైకొస్తాయి? ఆ మట్టం పూల్ అడుగు కన్నా పైనుంటే, శుభ్రం చేయడానికి నీళ్లు తోడే పని వేసవికి పెట్టుకోండి.