గేటు దాటని లుంగీ

మే నెలలో ఒక ఆదివారం మా డాబా మీద దండేనికి ఒక గళ్ల లుంగీ, దాని పక్కనే ఒక జీన్స్ ప్యాంటు ఆరేశాను. రెండూ ఒకే బకెట్లో జాడించి పిండినవే. గంట తిరక్కుండానే లుంగీ ఆరిపోయి రెపరెపలాడుతోంది. జీన్స్ మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లి చూసినా నడుము పట్టీ దగ్గర, జేబుల అడుగున, కాళ్ల మధ్య నాలుగు కుట్లూ కలిసే చోట చెమ్మగానే ఉంది. మనకు చెమట ఎక్కువగా నిలిచిపోయేదీ సరిగ్గా అక్కడే. మండుటెండలో ఆరని చోటు, ఆఫీసు కుర్చీలో కూర్చుంటే ఆరుతుందా?

చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు. అది ఆవిరైతేనే చల్లబడుతుంది. ఒక గ్రాము చెమట చర్మం మీద ఆవిరవుతూ దాదాపు 2,400 జౌల్స్ (జౌల్ అంటే వేడిని లెక్కగట్టే కొలత) వేడిని పట్టుకుపోతుంది. బొట్లు బొట్లుగా కారిపోయినా, మందపాటి బట్టలో ఇంకిపోయినా అందులో చాలా భాగం దండగే. విజయవాడ, కాకినాడ లాంటి చోట్ల గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి చర్మాన్ని ఆనుకుని ఉన్న గాలి పొర తొందరగా తడితో నిండిపోతుంది. దాన్ని తోసేసి కొత్త గాలి రావాలి. లుంగీ ఆ పని అడుగడుగునా చేస్తుంది. కాలు కదిలినప్పుడల్లా లోపలి గాలి బయటికి, బయటి గాలి లోపలికి, అచ్చం కమ్మరి కొలిమి తిత్తిలాగా. దీన్ని పంపింగ్ ఎఫెక్ట్ అంటారు. వదులు ప్యాంటులోనూ ఇది కొంత ఉంటుంది. కాలికి అతుక్కుపోయే జీన్స్‌లో గాలి ఆడేందుకు చోటే ఉండదు. తొడల మధ్య తామరతో వెళ్తే చర్మం డాక్టర్లు మందు రాసే ముందే ‘ఆ జీన్స్ మానేయండి’ అనడానికి కారణం ఈ తడే.

పైగా లుంగీకి ఒక రెగ్యులేటర్ కూడా ఉంది. ఉక్కగా ఉంటే మోకాళ్ల మీదికి మడిచి కట్టేస్తాం. మా నాన్న అరుగు మీద అలాగే కూర్చునేవాడు. వీధి మలుపులో ఎవరైనా పెద్దాయన కనిపించాడో, చూపు అటే ఉంచి, చేత్తో మడత లాగేసేవాడు. లుంగీ జారి పాదాల దాకా వచ్చేది. ఆయన దాటిపోగానే మళ్లీ పైకి. ఒకే మడత, ఉక్కకూ మర్యాదకూ రెండింటికీ పనికొచ్చేది.

అలాగని ఎప్పుడూ మడిచి కడితేనే సుఖమని కాదు. రామగుండంలో 45 డిగ్రీల వడగాలి వీస్తున్నప్పుడు బయటి గాలి మన చర్మం కంటే వేడి. అప్పుడు కప్పుకోవడమే మేలు, కాకపోతే వదులుగా. సినాయ్ ఎడారిలోని బెదూయిన్లు అనే సంచార జాతి వాళ్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారో తేల్చడానికి 1980లో కొందరు శాస్త్రవేత్తలు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. నలుపు ఎక్కువ వేడిని పీల్చిన మాట నిజమే. కానీ అంగీ వదులుగా ఉండడంతో ఆ వేడి చర్మం దాకా చేరకముందే లోపల ఆడే గాలి దాన్ని పట్టుకుపోయింది. తెల్ల అంగీ వేసుకున్నా, నల్ల అంగీ వేసుకున్నా ఒంటికి తగిలిన వేడి ఒక్కటే.

మరి ఇంత బిగుతు ప్యాంటు మనకెలా తగులుకుంది? వాతావరణం కోసం మాత్రం కాదు. పశ్చిమ చైనాలోని తుర్ఫాన్ దగ్గర, యాంగ్‌హాయ్ సమాధుల్లో దాదాపు మూడు వేల ఏళ్ల నాటి ఉన్ని ప్యాంట్లు దొరికాయి. కాళ్లు బాగా ఎడంగా చాపడానికి వీలుగా మధ్యలో వేరే ముక్క నేసి కుట్టారు. పక్కన గుర్రపు కళ్లెం, కొరడా. జీను మీద తొడలు ఒరుసుకుపోకుండా కుట్టుకున్న బట్టన్నమాట. చలి దేశాల్లో అది ఊరంతటికీ నప్పింది. మన దగ్గరికి మాత్రం ఇంగ్లీషు వాళ్ల కచేరీతో, పోలీసు యూనిఫాంతో, బడితో వచ్చింది. ఉద్యోగం చేసే మగవాడు ప్యాంటులోకి మారాడు. ఆడవాళ్లు ఆఫీసుకెళ్లే రోజులు వచ్చాక కూడా వాళ్ల చీర వాళ్లతోనే ఉంది. సంప్రదాయం మోయాల్సిన బాధ్యత వాళ్ల మీద పెట్టేశాం కదా! ఇవాళ చీరకట్టుతో బ్యాంకు మేనేజరు కుర్చీలో కూర్చుంటే ఎవరూ వింతగా చూడరు. అదే కుర్చీలో పంచెకట్టుతో మగ మేనేజరు? పంచెకు మిగిలిన చోట్లు పెళ్లి, గుడి, రాజకీయం. తమిళనాడులో ఒక హైకోర్టు జడ్జినే వేష్టి కట్టుకున్నందుకు క్లబ్బులోకి రానివ్వకపోతే, 2014లో అక్కడి ప్రభుత్వం చట్టమే తేవాల్సి వచ్చింది.

బట్టల వెచ్చదనాన్ని కొలవడానికి 1941లో ‘క్లో’ అని ఒక కొలత పెట్టారు. 21 డిగ్రీల గదిలో ఊరికే కూర్చున్న మనిషికి హాయిగా అనిపించే సూటు వెచ్చదనం 1 క్లో. పల్చటి ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా కలిపితే సగం, అంటే 0.5. ఆ సగం తేడాతోనే గది సుమారు 3 డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉన్నా ఇబ్బంది ఉండదు. జపాన్ ప్రభుత్వం 2005లో ‘టైలూ కోట్లూ తీసేయండి, ఏసీ 28 దగ్గర పెట్టండి’ అని ప్రచారం మొదలుపెట్టింది ఈ లెక్కతోనే. ఏసీ గదుల ప్రమాణాలు కూడా సుమారు 70 కిలోల నడివయసు మగవాడి ఒంటివేడిని బట్టి తయారయ్యాయని 2015లో ఒక పరిశోధన గుర్తుచేసింది. అందుకే ఆఫీసులో సాక్సులూ బూట్లూ వేసుకున్న ఆయన రిమోట్‌తో 20కి దించుతాడు, పక్క సీట్లో ఆవిడ శాలువా కప్పుకుంటుంది.

మగవాళ్ల విషయంలో ఇంకో సంగతి. వృషణాలు ఒంట్లో వేడి కంటే 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి. అవి శరీరం బయట వేలాడేది అందుకే. అమెరికాలో 656 మంది మీద చేసి 2018లో వెల్లడించిన ఒక అధ్యయనంలో, వదులు లోదుస్తులు వేసుకునే వాళ్లలో వీర్యకణాల సాంద్రత 25 శాతం ఎక్కువగా కనిపించింది. బిగుతు వాళ్లవీ చాలావరకు మామూలు స్థాయిలోనే ఉన్నాయి కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. కాకపోతే మగతనం చూపించడానికి వేసుకునే బట్టే ఆ పనికి కాస్త అడ్డం తగులుతుండడం తమాషా.

2017 జూన్‌లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో ఎండలు మండిపోతుంటే బస్సు డ్రైవర్లు నిక్కర్లు వేసుకుంటామన్నారు. కుదరదన్నారు. ఆడ డ్రైవర్లకు స్కర్టులు వేసుకునే వీలుంది కాబట్టి మగవాళ్లు కూడా స్కర్టులు తొడుక్కుని స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ప్రపంచమంతా నవ్వుకుంది. నాకైతే మన లుంగీ గుర్తొచ్చింది. గొట్టంలా కుట్టిన ఆ బట్టకూ స్కర్టుకూ ఉన్న తేడా ఎంత? అక్కడ ఆడబట్ట, ఇక్కడ మీసం తిప్పేవాడి బట్ట.

మన ఆడవాళ్లు ఈ విషయంలో కాస్త ముందున్నారు. భుజాన ఒక టవల్ వేసుకుని నైటీని కిరాణా కొట్టు దాకా తీసుకొచ్చేశారు. లుంగీలో ఉన్న మగవాడు మాత్రం కాలింగ్ బెల్ మోగితే ప్యాంటు కోసం గదిలోకి పరిగెత్తుతాడు. 2023లో గ్రేటర్ నోయిడాలోని ఒక అపార్ట్‌మెంట్ సంఘమైతే రెండింటినీ ఒకే గాటన కట్టి, లుంగీలు, నైటీలతో ఆవరణలో తిరగొద్దని నోటీసు పెట్టింది. అదీ జూన్ నెలలో. ఏ గదిలో కూర్చుని రాశారో గానీ, ఏసీ మాత్రం ఉండే ఉంటుంది.