పల్లకీ కింది భుజాలు

చిరంజీవులు చిన్నికి, బుజ్జికి,

తాతయ్య ఆశీస్సులు. "సహాయ నిరాకరణ అని ప్లీడర్లు కోర్టు మానేస్తే తెల్లవాళ్లకేం నష్టం?" అని ఫోన్‌లో అడిగావు కదా చిన్నీ. అది ఫోన్‌లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నా.

నా చిన్నప్పుడు పెళ్లికొడుకుని పల్లకీలో ఊరేగించేవాళ్లు. మా మేనమామ పెళ్లిలో బోయీల పక్కనే పరిగెత్తాను. ఒకాయన కాలికి రాయి తగిలి భుజం జారింది. పల్లకీ ఒరిగి, మామయ్య తలపాగా ఊడి ఒళ్లో పడింది. ఇక ఊరేగింపు అయ్యేదాకా కాయలు కాసిన ఆ భుజాల్నే చూస్తూ నడిచాను.

దొరల ప్రభుత్వమూ అలాంటి పల్లకీయే. పట్నాల్లో దాన్ని మోసింది చదువుకున్న మనవాళ్లే. గుమస్తాలు, ప్లీడర్లు, మేష్టర్లు, రేపటి ఉద్యోగాలకి తయారవుతున్న కాలేజీ కుర్రాళ్లు. 1920లో గాంధీగారు సహాయ నిరాకరణ అన్నది ఆ భుజం తీసేయమనే.

టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసులో పేరున్న బారిస్టరు. చేతినిండా కేసులు, బోలెడు రాబడి. 1921లో అదంతా వదిలేశారు. కుర్రాళ్లు సర్కారు కాలేజీలు మానేశారు. నడివీధిలో సీమగుడ్డలు కుప్పపోసి తగలబెట్టారు. ఒక్క ఏడాదిలో, 1921 నుంచి 1922కి, విదేశీ గుడ్డ దిగుమతి 102 కోట్ల రూపాయల నుంచి 57 కోట్లకి పడిపోయింది. పల్లకీ ఎంత ఒరిగిందో చూడండి!

కానీ బోయీ ఇంట్లోనూ పొయ్యి వెలగాలి కదా. సర్కారు బడి మానిన పిల్లలకి వేరే బడులు చాలినన్ని లేవు. మన బందరులో 1910లోనే జాతీయ కళాశాల పెట్టారు గానీ, అలాంటివి ఊరూరా ఎక్కడివి? మెల్లగా పిల్లలూ మేష్టర్లూ పాత బడులకే వెళ్లారు, ప్లీడర్లు కోర్టులకి వెళ్లారు. వాళ్లని పిరికివాళ్లనకండర్రా. నెల తిరిగేసరికి వచ్చే రాబడిని తెలిసి తెలిసి వదులుకుని, ఇంట్లోవాళ్లకి ఆ మాట చెప్పడానికి ఎంత గుండె కావాలి! కొన్ని నెలలే అయినా నాకది గొప్పే.

ఇంకో చిక్కు, సీమగుడ్డ బదులు కట్టాల్సిన ఖద్దరు. మిల్లు గుడ్డ కన్నా ఖరీదు, బీదవాళ్లు ఎన్నాళ్లని కొంటారు? ఎందుకంత ఖరీదో నేను చెప్పను. ఆదివారం నాన్నతో ఖాదీ భండారుకి వెళ్లండి. చేత్తో వడికిన నూలుతో నేసిన గుడ్డని వెలుతురుకి పట్టి చూస్తే పోగు ఒకచోట సన్నం, ఒకచోట లావు. ధర అడగండి. మీటరు గుడ్డ వెనక ఎన్ని చేతుల పనుందో కొట్లో ఆయన్నే అడిగి, నాకు రాయండి.

మీ తాతయ్య