విషాదవేళ ప్రధాని ఏం చెప్పాలి? 1948, 1984 అనుభవాలు

దేశాన్ని కుదిపేసే హత్యో, దాడో జరిగిన ప్రతిసారీ ప్రధాని ఎప్పుడు మాట్లాడతారు, ఏమంటారు అన్న చర్చ మొదలవుతుంది. మన దేశంలో ఈ చర్చకు కొలమానం 1948 జనవరి 30 రాత్రి ఆకాశవాణిలో నెహ్రూ చేసిన ప్రసంగం. మన జీవితాల్లో వెలుగు ఆరిపోయిందన్న మాట చాలామందికి గుర్తుంది. ఆ తర్వాత ఆయన చెప్పిన వివరాలు మాత్రం పెద్దగా ఎవరికీ గుర్తులేవు.

ఆ సాయంత్రం 5.17కు బిర్లా భవన్‌లో గాంధీజీని కాల్చి చంపారు. విభజన గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, ఢిల్లీ నిండా కాందిశీకులే. చంపింది ముస్లిం అన్న పుకారు బిర్లా భవన్ దగ్గరే పుట్టింది. అది నాలుగు వైపులా పాకితే ఆ రాత్రి ఎంత రక్తం పారేదో! అందుకే ఆకాశవాణి మరణవార్తతో పాటే హంతకుడు హిందువని ప్రకటించింది. మామూలుగా నిందితుడి మతం చెప్పకపోవడమే మంచిది. కానీ అనుమానం అమాయకుల మీదికి మళ్లుతున్నప్పుడు, ఖాయంగా తెలిసిన విషయాన్ని దాచితే ప్రాణాలు పోతాయి.

కాగితం లేకుండా మాట్లాడిన నెహ్రూ హంతకుణ్ని పిచ్చివాడన్నారు, అతని పేరు ఎత్తలేదు. కోపంతో ఎవరూ అదుపు తప్పకూడదన్నారు. తర్వాత నేరుగా ఏర్పాట్లలోకి వచ్చారు. గాంధీజీ కోరిక ప్రకారం పార్థివదేహాన్ని రసాయనాలతో భద్రపరచడం లేదు. శనివారం ఉదయం 11.30కి అంతిమయాత్ర, సాయంత్రం 4 గంటలకు యమున ఒడ్డున దహనం. జనం బిర్లా భవన్‌కు ఎగబడకుండా దారికి ఇరువైపులా మౌనంగా నిలబడాలి. మిగతా ఊళ్లవాళ్లు ఆ రోజు ఉపవాసం ఉండి, అదే 4 గంటలకు నది దగ్గరికో సముద్రం దగ్గరికో వెళ్లి ప్రార్థించాలి. ఇలా ప్రతి మనిషికీ ఒక చోటు, ఒక వేళ, చేయడానికి ఒక పని దొరికాయి. ఏం చేయాలో తెలియని గుంపే తొందరగా రెచ్చిపోతుంది.

అయినా హింస పూర్తిగా ఆగలేదు. హంతకుడు గాడ్సే మరాఠీ బ్రాహ్మణుడని తెలిశాక మహారాష్ట్ర ప్రాంతంలో బ్రాహ్మణుల ఇళ్ల మీద దాడులు జరిగాయి. ప్రసంగం పోలీసు బందోబస్తుకు ప్రత్యామ్నాయం కాదు.

1984 అక్టోబరు 31 ఇందుకు పూర్తిగా భిన్నం. ఉదయం 9 దాటాక ఇందిరాగాంధీపై ఆమె సిక్కు అంగరక్షకులే కాల్పులు జరిపితే, ఆకాశవాణి ఆమె మరణాన్ని సాయంత్రం దాకా చెప్పలేదు. బీబీసీ అప్పటికే చెప్పేసింది. మధ్యలో మిగిలిన గంటలన్నీ పుకార్లవే. ఆ రాత్రి రాజీవ్‌గాంధీ చేసిన ప్రసంగంలో తప్పుపట్టడానికేమీ లేదు. సంయమనం పాటించమన్నారు, హింస జరిగితే అమ్మ ఆత్మ క్షోభిస్తుందన్నారు. కానీ ఇందిర పార్థివదేహాన్ని ఉంచిన తీన్‌మూర్తి భవన్ నుంచి దూరదర్శన్ చేసిన ప్రసారంలో రక్తానికి రక్తం కావాలన్న నినాదాలు వినిపించాయి. వీధుల్లో సిక్కులను కాపాడాల్సిన యంత్రాంగం చేతులు కట్టుకు కూర్చుంది. అధికారిక లెక్క ప్రకారమే ఒక్క ఢిల్లీలో 2,733 మంది చనిపోయారు.

నవంబరు 19న బోట్ క్లబ్ సభలో అదే రాజీవ్, పెద్ద చెట్టు కూలినప్పుడు భూమి కాస్త కంపిస్తుందన్నారు. మొదటి రాత్రి మాటను ఈ ఒక్క వాక్యం తుడిచేసింది. చంపినవాళ్లను వదిలేసి ప్రకృతి మీదికి నెపం నెట్టడం బాధితులకు రెండో దెబ్బ. ప్రధాని మన్మోహన్‌సింగ్ రాజ్యసభలో సిక్కులకూ యావత్ దేశానికీ క్షమాపణ చెప్పింది 2005 ఆగస్టు 11న, అంటే 20 ఏళ్లు దాటాక.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని బలిగొన్న కాల్పుల తర్వాత ప్రధాని జసిండా ఆర్డెర్న్ తీరు నెహ్రూ ప్రసంగాన్ని తలపిస్తుంది. బాధితులు మనవాళ్లేనని ఆ రోజే చెప్పారు. హంతకుడి పేరు తన నోట పలకనని పార్లమెంటులో ప్రకటించారు. దాడి జరిగిన ఆరో రోజున సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధిస్తున్నట్లు చెప్పారు. ఏప్రిల్ 10కల్లా పార్లమెంటు ఆ చట్టాన్ని ఆమోదించింది.