పరాయివాణ్ణి చేర్చుకోవడం: గుంటూరు సంఘాల వెనుక ఉన్న చరిత్ర

మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డు చుట్టుపక్కల, అమరావతి పనులు జరుగుతున్న ఊళ్లలోని రేకుల షెడ్లలో ఇప్పుడు తెలుగుతోపాటు ఒడియా, హిందీ, బెంగాలీ కూడా వినిపిస్తున్నాయి. పని కోసం వచ్చిన ఈ వలస కూలీల్లో ఎవరికైనా జ్వరమొస్తే, మేస్త్రీ కూలి డబ్బులు ఎగ్గొడితే ఎవరి దగ్గరికి పోవాలో తెలియదు. వీళ్లు మన చర్చి సంఘస్థులు కారు. చాలామంది క్రైస్తవులు కూడా కారు. మరి వీళ్ల గురించి సంఘం ఎందుకు పట్టించుకోవాలి? జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. ఇక్కడి సంఘాలు పుట్టిన తీరు చూస్తే చాలు.

1842 జులై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ స్వయంగా వలసవాడు. జర్మనీలో పుట్టి, పద్నాలుగేళ్ల వయసులో అమెరికా వెళ్లి అక్కడ పెరిగాడు. గుంటూరుకు రమ్మని పిలిచింది అప్పటి కలెక్టర్ హెన్రీ స్టోక్స్. హయ్యర్ వచ్చేనాటికి డొక్కల కరువు ముగిసి పదేళ్లు కూడా కాలేదు. 1832-33 నాటి ఆ కరువులో జిల్లా జనంలో దాదాపు మూడో వంతు పోయారని అంచనా. హయ్యర్ బడులు పెట్టాడు. మధ్యలో అమెరికా వెళ్లినప్పుడు, యాభై దాటిన వయసులో, వైద్యం చదువుకుని డిగ్రీతో తిరిగొచ్చాడు.

ఆ తర్వాత వచ్చింది 1876-78 నాటి ధాత కరువు. క్రైస్తవుల దయ అనగానే నేటికీ వినిపించే ఆరోపణ ఒకటుంది: అన్నం పెట్టి మతం మారుస్తారని. అందుకే ఒంగోలులో జరిగిన దాని దగ్గర కాస్త ఆగాలి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇందులో కలిసింది. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. గుంపులు గుంపులుగా జనం బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసమో గింజల కోసమో ఎవరూ విశ్వాసి కాకూడదని, సహాయం పనులు సాగుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకె గురించి అందరూ చెప్పుకుంటారు. నాకైతే అంతకుముందు ఆయన ఆగిన ఏడాది పైచిలుకు కాలమే గొప్పగా అనిపిస్తుంది. ఆకలితో ఉన్నవాడికి షరతు పెట్టకపోవడం ఎలాగో ఆ నెలలు చూపించాయి.

గుంటూరుకు 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు. మొదట మిషన్ ఆమెను డాక్టరుగా నియమించనేలేదు, ఆ నియామకానికి రెండేళ్లు పట్టింది. అయినా ఆలోపే ఇళ్లకు వెళ్లి, తన ఇంటికి వచ్చినవాళ్లను చూసి వైద్యం చేసేవారు. మగ డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూడటానికి కూడా ఒప్పుకోని కుటుంబాల ఆడవాళ్లకు ఆమె అవసరం ఎంతో ఉంది. ఆమె స్పర్శే మైల అనుకునే ఇళ్లూ ఉన్నాయి. ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఏలూరు రాజా భుజంగరావు భార్యకు ఆమె వైద్యం చేశాక, ఆ దంపతులు ఆసుపత్రికి ఎదురుగా ఒక సత్రం కట్టించారు. హిందూ రోగుల కుటుంబాలు అందులో దిగి ఉండేవి. రోగి కోసం క్రైస్తవులు, రోగితో వచ్చినవాళ్ల కోసం హిందువులు, రోడ్డుకు అటూ ఇటూ. మన జిల్లా చరిత్రలో నాకు చాలా ఇష్టమైన సంగతుల్లో ఇదొకటి.

పరాయివాడంటే వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడే కానక్కర్లేదు. సొంత ఊళ్లోనే వెలిగా ఉంచినవాళ్లూ ఉన్నారు. ఇక్కడి సంఘాల్లో ఎక్కువమంది ఆ మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయినప్పుడు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల పారిపోయినవాళ్లకు చర్చి ఆవరణే శిబిరమైంది. అప్పుడు చర్చి గేటు మూసి ఉంటే ఆ కుటుంబాలు ఎక్కడికి పోయేవి?

విజయవాడ సంగతి వేరు. అంత పెద్ద రైల్వే జంక్షన్ కాబట్టి ఇల్లు వదిలొచ్చిన పిల్లలు అక్కడే దిగుతారు. వాళ్ల కోసం సలేషియన్ సభకు చెందిన క్యాథలిక్ ఫాదర్లు 1989లో నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టారు.

‘పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి’ అన్న మత్తయి సువార్త మాట మన చర్చిల్లో అందరికీ నోటికొచ్చు. తీర్పు దినాన ప్రభువు అడిగేవాటిలో అదొకటని పాస్టర్లు చెబుతూనే ఉంటారు. కానీ మన సహాయం చాలావరకు మన సంఘస్థుల పెళ్లిళ్లకు, ఆసుపత్రి ఖర్చులకు పోతోంది. అది తప్పని నేననను. అయితే హయ్యర్ నుంచి కుగ్లర్ వరకు వచ్చినవాళ్లెవరూ తమవాళ్లను వెతుక్కుంటూ గుంటూరు రాలేదు.

గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో, రోగితోపాటు పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి వచ్చిన బంధువులు రాత్రిళ్లు వరండాల్లో, చెట్ల కింద దుప్పటి పరుచుకుని పడుకుంటారు. ఊళ్లో మన చర్చి హాళ్లు చాలావరకు సోమవారం నుంచి శనివారం దాకా తాళం వేసే ఉంటాయి. ఫ్యాన్లున్నాయి, నీళ్లున్నాయి, బాత్రూములున్నాయి. ఒక వాచ్‌మన్‌ను పెట్టి, ఆధార్ కార్డు చూసి, మతం అడగకుండా రాత్రికి పడుకోనిస్తే చాలు. ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న సంఘాలు ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.