ఎండోమెట్రియోసిస్: అపోహలు - వాస్తవాలు

అపోహ: పీరియడ్స్‌లో నొప్పి ఎవరికైనా ఉండేదే, ఓర్చుకోవాలి.

మొదటి రోజు కాస్త నొప్పి వచ్చి ఒక మాత్రతో తగ్గితే అది మామూలే. నెలనెలా కాలేజీ మాన్పించే నొప్పి, మోషన్‌కు వెళ్తే పొడిచినట్టుండే నొప్పి, భర్తతో కలిసినప్పుడు లోతుగా వచ్చే నొప్పి మామూలు కాదు. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట, అండాశయాల మీద, పేగుల దగ్గర పెరగడమే ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతాన వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంది.

అపోహ: స్కానింగ్ నార్మల్ అంటే ఏమీ లేనట్టే.

అండాశయంలో పాత రక్తం చేరి ఏర్పడే తిత్తి (చాక్లెట్ సిస్ట్) అయితే స్కానింగ్‌లో కనిపిస్తుంది. పొట్ట లోపలి పొర మీద ఈ కణజాలం చేసే చిన్న మచ్చలు చాలాసార్లు కనపడవు. అందుకే రిపోర్టు కంటే ముందు అమ్మాయి చెప్పేది వింటాను. హైదరాబాద్‌లో నా ఓపీకి వచ్చే తల్లులు "మాకూ ఇలాగే ఉండేది డాక్టరుగారూ" అంటుంటారు. ఆ మాట నాకు చాలా ముఖ్యం. తల్లికో అక్కకో ఈ జబ్బు ఉంటే పిల్లకూ వచ్చే అవకాశం ఎక్కువ. లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూడటం) చేయకుండానే లక్షణాలను బట్టి మందులు మొదలుపెట్టవచ్చు.

అపోహ: పెళ్లయి ఒక కాన్పు అయితే అదే పోతుంది.

పోదు. కడుపుతో ఉన్నన్నాళ్లు కొందరికి నొప్పి తగ్గుతుంది, నెలసరి మొదలయ్యాక మళ్లీ రావచ్చు. దయచేసి పిల్లకు పెళ్లిని మందుగా ఇవ్వకండి.

అపోహ: ఇక పిల్లలు పుట్టరు.

చాలామందికి పుడతారు. ఆలోచన ఉంటే ముందే చెప్పండి, మందు దాన్నిబట్టి మారుతుంది.

అపోహ: హార్మోన్ మాత్రలతో ఒళ్లు పాడవుతుంది.

ఎక్కువగా రాసేది డైనోజెస్ట్, రోజుకు 2 మిల్లీగ్రాములు. మొదటి నెలల్లో వేళాపాళా లేకుండా రక్తపు మరకలు కనిపిస్తాయి. మందు పడలేదనుకుని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి, వాడేకొద్దీ అవి తగ్గుతాయి. రోజూ ఒకే టైముకు వేసుకోవాలి. మాదాపూర్ హాస్టళ్లలో ఉంటూ నైట్ షిఫ్టులు చేసే అమ్మాయిలకు భోజనం వేళలు కుదరవు కాబట్టి ఫోన్‌లో అలారం పెట్టుకోమంటాను. ఇది గర్భం రాకుండా వాడే మాత్ర కాదు, దానికి వేరే జాగ్రత్త కావాలి. మనసు బాగా దిగులుగా ఉంటే మాత్రం ఓర్చుకోవద్దు, వెంటనే చెప్పండి. మందు మార్చవచ్చు. ఇక నెలసరి హార్మోన్లను అణిచే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌తో ఒంట్లో వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు బలహీనపడతాయి. అందుకే దాన్ని ఎక్కువకాలం ఇవ్వం, తోడుగా మరో మందు కూడా ఇస్తాం.

అపోహ: ఆపరేషన్ చేయించుకుంటే గొడవ వదిలిపోతుంది.

తిరిగి రావచ్చు. సిస్టులు మళ్లీ మళ్లీ తీస్తే అండాల నిల్వ తరుగుతుంది. మన రెండు రాష్ట్రాల్లో చిన్న వయసుకే గర్భసంచి తీయించుకోవడం ఎక్కువ, ఇది నన్ను చాలా బాధపెడుతుంది. మచ్చలు బయట మిగిలిపోతే గర్భసంచి తీసినా నొప్పి ఉంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు రెండు నెలలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, నొప్పి పదికి ఎంత, ఏ మాత్ర వేసుకున్నారు, ఏ రోజు సెలవు పెట్టారు.